రెండు వైపులా రాసే మనిషి

"ఈ వారం కాస్త ఘాటుగా రాయి. పోయినసారి మరీ చప్పగా ఉందన్నారు చానెల్ వాళ్ళు," అన్నారు మా ఆయన, ఉతికిన చొక్కా తెచ్చి నా ఇస్త్రీబల్ల మీద పడేస్తూ.

నేనప్పటికే ఒక చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. అది మా ఆయనది కాదు. ప్రతి ఆదివారం సాయంత్రం టీవీలో మా ఆయన మీద ఒంటికాలి మీద లేచే పెద్దమనిషిది. భూమి వేడెక్కుతోంది, అందుకే ఈ ఎండలూ వానలూ ఇలా తగలడ్డాయని మా ఆయన అంటారు. అబ్బే, ఎండలూ వానలూ ఎప్పుడూ ఉన్నవే, వాటికీ దీనికీ ముడిపెట్టడం ఉత్త గారడీ అని ఆ పెద్దమనిషి అంటారు. ఏ మాటకైనా ముందు 'అబ్బే' తగిలిస్తారు గనక కాలేజీలో పిల్లలు ఆయనకి అబ్బేగారు అని పేరు పెట్టారు. ఇద్దరూ ఆ కాలేజీలోనే పాఠాలు చెబుతారు, ఒకే కారులో చానెల్‌కి వెళతారు, గంటసేపు ఒకరి పీక ఒకరు పట్టుకున్నంత పనిచేసి, అదే కారులో మా ఇంటికొచ్చి, పక్కపక్కన కూర్చుని నేను వండింది తింటారు. అబ్బేగారి భార్య కూతురి దగ్గరికి వెళ్ళి నెలలు దాటింది. అప్పటినుంచి ఆయన చొక్కా కూడా మా ఇంటికే వస్తోంది. ఎలాగూ ఇస్త్రీపెట్టె వేడెక్కి ఉంటుంది కదా, ఆ వేడి వృథా పోవడం దేనికని మా ఆయన వాదన.

మా ఇంట్లో పొదుపు సంగతి కాస్త చెప్పాలి. మా ఇంట్లో బట్టలుతికే మెషీన్ లేదని మా ఆయన టీవీలో ఒకసారి చెబితే జనం చప్పట్లు కొట్టారు. లేకపోవడమేం, ఉంది. దానికి రెండు చేతులూ ఒక నడుం నొప్పీ ఉన్నాయి. కరెంటు తాగదు, ఓ కప్పు టీ తాగుతుంది. ఏసీ కూడా లేదని చెబుతారు. ఆయన గదిలో ఒకటుంది గానీ, చానెల్ వాళ్ళు ఇంటి నుంచి మాట్లాడమన్నప్పుడు మొహం మీద చెమట కనపడకూడదని పెట్టించుకున్నది కాబట్టి అది లెక్కలోకి రాదు. వంటింట్లో ఫ్యాను ఉండేది. దాని గాలికి మంట ఊగి గ్యాసు దండగవుతోందని విప్పించి అత్తగారి గదిలో బిగించారు. అత్తగారు ఆ ఫ్యాను కింద నడుం వాల్చి, "ఎండాకాలం ఎండ కాయక మంచు కురుస్తుందిటే? మేం చెయ్యలేదూ వంటలు?" అంటారు. ఆవిడ అబ్బేగారి పార్టీ. కొడుకు చెప్పేది ఒక్క ముక్క నమ్మరు, కానీ కొడుకు చొక్కాకి మైకు పెట్టుకుని కూర్చుంటే ఆవిడ కళ్ళు చెమరుస్తాయి.

పెళ్ళికి ముందు నేను యూనివర్సిటీలో పరిశోధన చేసేదాన్ని. ఊరంతా మండిపోయిన ఒక వారాన్ని తీసుకుని, ఇది మామూలుగా వచ్చేదేనా, భూమి వేడెక్కకపోయి ఉంటే ఇంతలా ఉండేదా అని తేల్చడం ఎలాగన్నది నా అంశం. అప్పట్లో ఆ గొడవ పెద్దగా ఎవరికీ పట్టేది కాదు. పెళ్ళయ్యాక ఆపేశానని అందరికీ చెబుతాను గానీ, అలా అంటే నేనేదో స్విచ్చి నొక్కి ఆపినట్టు ఉంటుంది. ఎవరూ ఆపమనలేదు. "చేసుకో, నేను వద్దన్నానా?" అనేవారు మా ఆయన. నిజమే, వద్దనలేదు. మంచాన పడిన మామగారు వద్దనలేదు, అత్తగారి మోకాళ్ళు వద్దనలేదు, కడుపులో ఉన్న పిల్ల వద్దనలేదు. ఒకరోజు మా ప్రొఫెసర్ ఫోన్ చేసి, నీ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తున్నానమ్మా, ఏమనుకోకు అన్నాడు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. సరేనండి అని పెట్టేసి, వెళ్ళి మంట తగ్గించాను. ఇప్పుడు మా అమ్మాయి హాస్టల్లో చదువుకుంటోంది, నేను మా ఆయన కాలేజీలోనే, మా ఆయన విభాగంలోనే కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతున్నాను. ఏటేటా ఆ కాంట్రాక్టు మీద సంతకం పెట్టేది మా ఆయనే. స్టాఫ్‌రూంలో నన్ను సార్ వాళ్ళ మేడం అంటారు.

చానెల్ వాళ్ళు మొదటిసారి పిలిచినప్పుడు మా ఆయన కాగితాలు ముందేసుకుని జుట్టు పీక్కుంటుంటే, ఇలా ఇవ్వండి నేను చూస్తాను అన్నాను. అంతే, ఆ పని నా నెత్తికి చుట్టుకుంది. కొన్నాళ్ళకి అబ్బేగారు నవ్వుతూ, "చెల్లెమ్మా, నువ్వు రాసి పంపుతుంటే వీడి ముందు నేను చిత్తయిపోతున్నాను. ఇదేం న్యాయం? నాక్కూడా ఓ నాలుగు ముక్కలు రాసిపెట్టు," అన్నారు. మా ఆయన కూడా నవ్వారు. "రాసిపెట్టవే, పోటీ సమంగా ఉంటేనే జనం చూస్తారు." అలా రెండు వైపులా నేనే రాయడం మొదలైంది.

ముందు అబ్బేగారి ప్రశ్న రాస్తాను, ఎంత గట్టిగా అడగొచ్చో అంత గట్టిగా. తర్వాత దానికి మా ఆయన చెప్పాల్సిన జవాబు. ఆ జవాబులోంచి మళ్ళీ అబ్బేగారి ప్రశ్న. ఏ ప్రశ్ననీ జవాబు లేకుండా వదలను. మధ్యాహ్నం అంట్లు తోమేసి, వంటింటి గట్టు తుడిచి, దానిమీదే కాగితాలు పెట్టుకుని రాసేదాన్ని. దాచడం దేనికి, రాస్తున్నంతసేపూ నాకు ఎంతో హాయిగా ఉండేది. కూరలో ఉప్పు తక్కువైందా, మందులు వేసుకున్నారా, తువ్వాలు ఎక్కడ పెట్టావు అన్నవి తప్ప వేరే ప్రశ్నలకి నా బుర్ర జవాబు వెతుక్కునే సమయం అదొక్కటే. నన్ను ఓడించగలిగేది నేనే, నన్ను గెలిపించేదీ నేనే. ఆ ఇద్దరూ అది నోట్లో వేసుకుని నమిలేవరకూ ఆ ఆట నాది.

నమలడం కూడా ఎలాగనుకున్నారు? ఒక వారం ఇద్దరి కాగితాల్లోనూ రాశాను: ఏ ఒక్క రోజు ఎండనీ చూపించి ఇది భూమి వేడెక్కడం వల్లే వచ్చిందని చెప్పలేం, కానీ ఒకప్పుడు ఎప్పుడోగానీ రాని ఎండలు ఇప్పుడు మాటిమాటికీ ఎందుకొస్తున్నాయో చెప్పగలం, అని. మా ఆయన మొదటి సగం కొట్టేశారు. "ఇంత నసుగుడు టీవీలో పనికిరాదు. ముమ్మాటికీ దీనివల్లే అనాలి, అంతే." అబ్బేగారేమో ఆ మొదటి సగం ఒక్కటే ఏరుకుని, "చూశారా, చెప్పలేమని శాస్త్రమే ఒప్పుకుంటోంది," అన్నారు. నా ఒక్క వాక్యాన్ని ఇద్దరూ చెరిసగం పంచుకున్నారు. ఊరిలో సగంమంది ఆ సగం పట్టుకుని, సగంమంది ఈ సగం పట్టుకుని వారమంతా బస్సుల్లోనూ బజార్లోనూ తిట్టుకున్నారు. నేను కూరగాయలు కొంటుంటే నా పక్కన ఇద్దరు మగాళ్ళు కొట్టుకున్నంత పని చేశారు. నా మాటలతోనే. తప్పుకోండమ్మా అని నన్ను పక్కకి నెట్టారు కూడా.

ఇంకో వారం క్లాసులో పిల్లల్ని నవ్వించడానికి చెప్పే మాట ఒకటి మా ఆయన కాగితంలో పెట్టాను. అత్తగారు ఇవాళ కోడలిని కసిరిందంటే అది వాతావరణం, ఏళ్ళ తరబడి కసురుతూనే ఉందంటే అది శీతోష్ణస్థితి అని. మా ఆయన కెమెరా వైపు తిరిగి చిరునవ్వు నవ్వి, "మా ఆవిడ ఇవాళ నన్ను కసిరిందనుకోండి, అది వాతావరణం. పెళ్ళయినప్పటినుంచీ కసురుతూనే ఉందనుకోండి..." అన్నారు. హాలంతా ఘొల్లుమంది. మర్నాడు స్టాఫ్‌రూంలో అడుగు పెట్టగానే, "ఏం మేడం, ఇవాళ మీ ఇంట్లో వాతావరణం ఎలా ఉంది?" అన్నారొకరు. హాజరుపట్టీ ఇచ్చే గుమాస్తా కూడా నవ్వు ఆపుకుంటున్నాడు. నేనూ నవ్వాను. నవ్వకపోతే కసిరినట్టవుతుంది కదా. సాయంత్రం మా ఆయన్ని అడిగాను, అత్తగారిని తీసేసి నన్నెందుకు పెట్టారని. "అమ్మ చూస్తుంటుంది కదే. బాధపడదూ?" అన్నారు, ఇది కూడా తెలీదా అన్నట్టు.

మా చెల్లెలు కుట్టు కార్ఖానాలో పనిచేస్తుంది. రేకుల కప్పు, దాని కింద వరసలు వరసలుగా మెషీన్లు. గాలికి బట్ట ఎగిరి కుట్టు వంకరపోతుందని కిటికీలు తెరవనివ్వరు. ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం అక్కడ ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు కుప్పకూలిపోయారు. మా చెల్లెలు పడటం పడటం మెషీన్ అంచు నుదురికి కొట్టుకుంది. ఆసుపత్రి నుంచి తనే ఫోన్ చేసింది.

"కుట్లు పడ్డాయక్కా. రోజూ నేను వేసేవాటికంటే నీటుగా వేశారు," అంది. ఏ పరిస్థితిలోనైనా దాని నోరు అంతే.

"పొద్దున ఏమన్నా తిన్నావా?"

"ఎక్కడ తిన్నాను? పిల్లలకి డబ్బాలు కట్టి, ఆయనకి పెట్టి, మామగారికి మందులు వేసి బయటపడేసరికి బస్సు హారన్ కొడుతోంది. రోజూ ఉండేదేగా."

"అలా అయితే ఎలాగే? ఒంట్లో ఏముంటుంది?" అని కేకలేశాను. "నువ్వు తిన్నావేంటి?" అంది. నేను మాట మార్చేశాను.

ఎండ అలా ఉన్నన్నాళ్ళు మధ్యాహ్నం పని ఆపాలని ఆడవాళ్ళందరూ అడిగారు. కార్ఖానా వాళ్ళు ఒప్పుకోలేదు. వేసవిలో వేడి కాక ఏముంటుంది, ఒంట్లో సత్తువ లేనివాళ్ళు ఇంట్లో ఉండాలి అన్నారు. పడిపోయినవాళ్ళని డాక్టరు కాగితం తెచ్చేదాకా రావద్దన్నారు. మా చెల్లెలి సంపాదన లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. చానెల్ వాళ్ళకి మాత్రం ఆ వారానికి సరుకు దొరికింది. కార్ఖానాలో పడిపోయిన ఆడవాళ్ళు, తప్పు ఎండదా మనిషిదా అని చర్చ పెట్టారు.

ఈ ఒక్కసారికి వద్దనండి, అందులో మా చెల్లెలుంది అన్నాను మా ఆయనతో.

"అందుకే కదా గట్టిగా మాట్లాడాలి! నువ్వు మాత్రం ఈ చుట్టరికం సంగతి ఎక్కడా అనకు. మన మనిషని తెలిస్తే నా మాటకి విలువుండదు. అబ్బేగాడికి కూడా చెప్పకు," అన్నారు.

అబ్బేగారు ఫోన్లో, "చెల్లెమ్మా, ఈ వారం నాది బరువైన వైపు. ఏడిచే ఆడవాళ్ళ ఎదురుగా మాట్లాడాలి. కాస్త చూసి రాయి," అన్నారు.

గట్టు తుడిచి కాగితాలు ముందు పెట్టుకున్నాను. అబ్బేగారి వైపు నుంచి అడగగలిగిన అతిపెద్ద ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. నాకొక్కదానికే తెలుసు. పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చిన మనిషి ఏ ఎండకైనా పడిపోతుంది, దానికి భూగోళాన్ని నిందించడం ఎందుకు? రాయకుండా వదిలేద్దామనుకుని, కలం పక్కన పెట్టి కాసేపు బియ్యం ఏరాను. కానీ నేను రాయకపోయినా ఎవరో ఒకరు ఆ మాట అంటారు. అప్పటికప్పుడు అడిగితే మా ఆయన దగ్గర జవాబు ఉండదు. నేనే రాస్తే జవాబుతో సహా బయటికొస్తుంది, ఒక్కసారి జవాబు పడితే ఇంక ఆ ప్రశ్న ఎవరూ ఎత్తరు. అలా అనుకున్నాను. రాశాను. దాని కింద మా ఆయనకి నా శక్తి కొద్దీ జవాబు రాశాను. రాత్రిళ్ళు కూడా చల్లబడకపోతే ఒళ్ళు ఎందుకు తేరుకోలేదో, గాలిలో తేమ నిండితే చెమట ఎందుకు ఆరదో, రేకుల కింద అది ఎన్ని రెట్లవుతుందో, అంతమంది ఒకే గదిలో ఒకే పూట పడిపోవడం ఆకలి పని ఎందుకు కాదో. దాని కింద రెండు గీతలు గీశాను, ఇది తప్పకుండా చెప్పండి అని.

ఆదివారం సాయంత్రం అత్తగారి మంచం పక్కన నిలబడి చూశాను. కార్యక్రమం ఇక ముగుస్తుందనగా అబ్బేగారు ఆ ప్రశ్న వేశారు. "అబ్బే, నేను అడుగుతున్నాను, వీళ్ళలో ఎంతమంది పొద్దున్నే కడుపుకింత తిని వచ్చారండీ?" ఎంత బాగా అడిగారో. మా ఆయన కాగితం వైపు చూశారు. నా రెండు గీతలూ ఆయన కళ్ళకి కనపడే ఉంటాయి. ఇక అర నిమిషమే ఉందని యాంకరమ్మ అంది. మా ఆయన కాగితం పక్కన పెట్టి, చెయ్యి గుండెల మీద వేసుకుని, "భూమి మన అమ్మ. అమ్మకి జ్వరం వచ్చింది. అమ్మకి జ్వరమొస్తే బిడ్డలు చూస్తూ ఊరుకుంటారా?" అన్నారు. చప్పట్లు. అత్తగారు కళ్ళు తుడుచుకున్నారు. పాటతో పాటు పేర్లు పైకి పోతున్నాయి, వాటిలో నా పేరు లేదు, ఉండాలని ఎప్పుడూ అనుకోలేదు గానీ ఆ పూట ఎందుకో చివరిదాకా చూశాను.

"ఆ జవాబు చెప్పలేదేం?" అన్నాను అన్నాలు వడ్డిస్తూ.

"టైమెక్కడుంది? అయినా అంత పొడుగు ఎవరు వింటారు? అమ్మ జ్వరం బాగా పేలింది కదూ?" అన్నారు మా ఆయన.

"పేలింది గానీ, నా పొద్దుటి తిండి పాయింటు ముందు నీ అమ్మ జ్వరం దిగదుడుపేరా," అన్నారు అబ్బేగారు. "చెల్లెమ్మా, అది మాత్రం అదిరింది. ఎక్కడినుంచి పట్టుకొస్తావమ్మా ఇలాంటివి?" నేను కూర గిన్నె తెస్తానని వంటింట్లోకి వెళ్ళిపోయాను. గిన్నె వాళ్ళ ముందే ఉంది.

వారం తిరగకుండా కార్ఖానా వాళ్ళు మా చెల్లెల్ని పనిలోంచి తీసేశారు. ఉదయం ఆహారం తీసుకోకుండా నిర్లక్ష్యంగా విధులకు హాజరై, అని రాశారట. టీవీలో నిపుణులు కూడా ఇదే చెప్పారు కదా అని మేనేజరు మొహం మీదే అన్నాడట.

"నేను తినలేదన్న సంగతి వాళ్ళకెలా తెలిసిందక్కా?" అంది ఫోన్లో.

పక్కగదిలో మా ఆయన ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నారు. అబద్ధం చెప్పడానికి ఎన్ని దారులున్నాయో అన్నీ నాకు కనిపించాయి, రెండు వైపులా రాసేదాన్ని కదా. "నేనే రాశానే," అన్నాను. "బావకీ, ఎదుట కూర్చునే ఆయనకీ ఇద్దరికీ నేనే రాస్తాను. నీ పేరు లేదు గానీ, ఆ మాట నాదే."

ఫోను పెట్టేసిందనుకున్నాను.

"సర్లే. దానికి జవాబుందా నీ దగ్గర?"

"ఉంది."

"అయితే బుధవారం కార్మిక అధికారి దగ్గర విచారణ. వచ్చి చెప్పు," అని పెట్టేసింది. తిట్టినా బాగుండేది.

మా ఆయన్ని బతిమాలాను. మీరు వదిలేసిన జవాబే, అక్కడికొచ్చి చెప్పండి, మీరు చెబితే వింటారు అన్నాను. "షో వేరు, ఇది వేరు. అలాంటి చోట్లకి వెళితే నేనొక పక్షం అయిపోతాను. నేను తటస్థంగా ఉండాలి," అన్నారు. ప్రతి ఆదివారం ఒక పక్షాన కూర్చునే మనిషి. "నువ్వు కూడా వెళ్ళకు. ఈ నెలలోనే నీ కాంట్రాక్టు. భార్య చేత అల్లరి చేయించి ఆ చేత్తోనే సంతకం పెట్టానంటే కమిటీలో నా పరువేం కావాలి? పెట్టలేను మరి, చెబుతున్నాను." బెదిరింపులా కూడా అనలేదు. రేపు పాలవాడు రాడు అన్నంత మామూలుగా అన్నారు.

మంగళవారం సాయంత్రం అబ్బేగారు వచ్చారు. టీ ఇచ్చాను. ఇస్త్రీకి తెచ్చిన చొక్కా సంచీ కుర్చీకి తగిలించి, "చెల్లెమ్మా, ఒక చిన్న సాయం. రేపు కార్ఖానా వాళ్ళు నన్ను నిపుణుడిగా రమ్మన్నారు. ఆ పాయింటునే ఇంకాస్త పెంచి ఓ కాగితం రాసిపెట్టమ్మా, పొద్దున్నే వచ్చి తీసుకుంటాను," అన్నారు.

"ఆ పనిలోంచి తీసేసింది మా చెల్లెల్నే అన్నయ్యగారూ," అన్నాను. మా ఆయన నావైపు కోపంగా చూశారు.

"అబ్బే! మీ చెల్లెలా? నాకు తెలీదమ్మా, ఒట్టు," అని అబ్బేగారు కప్పు కింద పెట్టేశారు. నిజంగానే నొచ్చుకున్నారు. కాసేపు బల్లమీద వేళ్ళతో దరువేసి, "అయినా ఇందులో వ్యక్తిగతం ఏముంది? నువ్వు రాసేది శాస్త్రమేగా," అన్నారు.

"రాసిపెట్టు. వాడేమన్నా పరాయివాడా?" అన్నారు మా ఆయన.

ఆ ఇద్దరూ నావైపు చూస్తూ కూర్చున్నారు. శత్రువులు కారు, దుర్మార్గులు కారు, ఒకరు నన్ను పెళ్ళి చేసుకున్నారు, ఒకరు చెల్లెమ్మా అంటారు. ఈ ఇంట్లో నన్ను కొట్టినవాళ్ళు లేరు, తిట్టినవాళ్ళు తక్కువ, అందుకేనేమో నేను ఇన్నేళ్ళలో ఏ గోడకి తల బాదుకోవాలో తెలుసుకోలేకపోయాను. రాయనంటే ఎందుకు రాయవంటారు, పోయిన వారం రాశావుగా అంటారు. రాస్తే రేపు అక్కడ నా మాటలే నా చెల్లెలి మొహాన పడతాయి. వెళితే ఉద్యోగం పోతుంది, నా చేతికంటూ వచ్చే నాలుగు రాళ్ళు పోతాయి, హాజరుపట్టీ ముందు నవ్వాల్సిన అవసరం కూడా పోతుంది గానీ ఆ క్లాసు పిల్లలు పోతారు. వెళ్ళకపోతే మా చెల్లెలు ఇక నాకు ఫోన్ చేయదు. నా ముందు దారులు లేకపోలేదు, ప్రతి దారి చివరా నేను రాసిన కాగితమే అడ్డంగా ఉంది. ఒంటినిండా చెమట. వంటింట్లో నిలబడి నిలబడి నాకు అది చెమటని కూడా తెలియడం మానేసి చాలాకాలమైంది.

"చూస్తాను," అన్నాను. ఆడది చూస్తానంటే చేస్తాననే అర్థం కాబట్టి ఇద్దరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని వచ్చే వారం చర్చ గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఈసారి వానలట.

మర్నాడు నేను కాగితం రాయలేదు. బయటి గేటు చప్పుడైతే తలుపు తీయలేదు. అబ్బేగారు కాసేపు పిలిచి, టైమైపోతోందని వెళ్ళిపోయారు. మా ఆయన స్నానాల గదిలో ఉన్నారు. జుట్టు దువ్వుకుని చెప్పులు వేసుకుంటుంటే అత్తగారు గోడ పట్టుకుని వచ్చి నిలబడ్డారు.

"వంట?"

"చెయ్యలేదత్తయ్యా."

"ఆయన వచ్చి పిలిచాడే, ఏదో కాగితం కోసం."

"అదీ చెయ్యలేదు."

ఆవిడ నా మొహంలోకి చూశారు. కేకలేస్తారనుకున్నాను, కొడుకుని పిలుస్తారనుకున్నాను. "వెళ్ళేదానివి ఎండెక్కకముందే వెళ్ళు," అని తన గదిలోకి వెళ్ళిపోయారు.

విచారణ గది చిన్నది. ఒక పొడుగు బల్ల, అటు మేనేజరూ అబ్బేగారూ, ఇటు మా చెల్లెలు, నుదుటిన ఎండిపోయిన కుట్లతో. గోడవారన బెంచీ మీద కార్ఖానా ఆడవాళ్ళు ఇరుక్కుని కూర్చున్నారు. ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి ఎవరికీ తగలడం లేదు. నన్ను చూడగానే అబ్బేగారి మొహం విప్పారింది. "హమ్మయ్య, తెచ్చావా చెల్లెమ్మా?" అని బల్ల మీదుగా చెయ్యి చాచారు. ఆ చెయ్యి అలా ఉండగానే నేను బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి మా చెల్లెలి పక్కన కూర్చున్నాను. అది నావైపు చూడలేదు. కొంచెం జరిగి చోటిచ్చింది.

అధికారి కళ్ళజోడు పైకి తోసి, "మీరు సార్ వాళ్ళ మేడం కదూ? మేం ప్రతివారం చూస్తామండీ. ఆ వాతావరణం జోకు మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం," అని నవ్వాడు. తర్వాత కాగితాలు సర్దుకుని, "మీరు ఎవరి తరఫున?" అన్నాడు.

"టీవీలో ఇద్దరి తరఫునా రాసేది నేనేనండి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "ఇవాళ మాత్రం ఈ అమ్మాయి తరఫున."

అబ్బేగారు చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. చేతిసంచీలో నా ఫోను మోగడం మొదలుపెట్టింది. ఎవరో నాకు తెలుసు. ఆగిపోయి మళ్ళీ మోగింది.

మేనేజరు ముందుకు వంగాడు. "రాసేదెవరైతే మాకెందుకండీ? నేను ఒకటే అడుగుతున్నాను. ఈవిడ ఆ రోజు ఏమీ తినకుండా పనిలోకి వచ్చింది. అవునా, కాదా? అంతే చెప్పండి."

తేమ గురించి, చల్లబడని రాత్రుల గురించి, రేకుల గురించి దారంతా వల్లె వేసుకుంటూ వచ్చాను. అవన్నీ నాలుక చివర ఉన్నాయి. బెంచీ మీద ఆడవాళ్ళ వైపు చూశాను. పొద్దున్నే లేచి ఎవరెవరికి ఏం కట్టిచ్చి వచ్చారో, ఏ బస్సు పట్టుకుని వచ్చారో ఆ మొహాలు చూస్తే తెలుస్తోంది.

"అవునండి, తినలేదు," అన్నాను. "నేనూ తినలేదు. ఆ బెంచీ మీద ఉన్నవాళ్ళూ తిని ఉండరు. మేం తినకుండా పనిలోకి రావడం ఎప్పటినుంచో ఉన్నదే. పడిపోవడమే కొత్త."